రోగి వెంట వచ్చినవాళ్లకూ చోటిచ్చిన ఆసుపత్రి: డాక్టర్ అన్నా కుగ్లర్ జీవితం

మాచర్ల నుంచో గురజాల నుంచో జబ్బు మనిషిని తీసుకుని గుంటూరు బస్సెక్కే కుటుంబం చేతిలో ఉండే సంచిని ఒకసారి గమనించండి. అందులో రిపోర్టుల కవరు, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు ఉంటాయి. వాటితోపాటు ఒక దుప్పటి, మడతపెట్టిన చాప, స్టీలు క్యారేజీ, నీళ్ల సీసా కూడా ఉంటాయి. రోగికి మంచం దొరుకుతుందన్న ఆశ ఉంటుంది. వెంట వెళ్లినవాళ్లు ఎక్కడ పడుకోవాలో, ఏం తినాలో ఎవరూ చెప్పరు. మిరపకాయ కోతల కాలంలో రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి వరండాలోనో, చెట్టు కిందో చాప పరుచుకుంటుంది. రాత్రి ఎవరో వచ్చి లేపి అక్కణ్ణుంచి వెళ్లగొడతారు. పల్నాడు పల్లెల్లో ఈ అనుభవం లేని దళిత కుటుంబాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

వైద్యం అంటే రోగి ఒక్కరే కాదు, రోగి వెంట వచ్చిన మనుషులు కూడా. ఈ మాట గుంటూరులో నూరేళ్లకు ముందే ఆచరణలో కనిపించింది. అందుకు కారణమైన వారిలో ముఖ్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 1930 జూలై 26న గుంటూరులోనే ఆమె కన్నుమూశారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు మన అమ్మమ్మల కాలం నుంచీ విన్నదే. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి, ఆమె పక్కన నిలబడి పేరు లేకుండా పోయిన మన మనుషుల గురించి మాట్లాడుకోవడానికే ఈ వ్యాసం.

గురజాలతో మొదలు

కుగ్లర్ కథలోకి వెళ్లే ముందు పల్నాటి కథ కొంచెం చెప్పాలి. లూథరన్ మిషన్ వైద్యం మన ప్రాంతానికి ముందు వచ్చింది గురజాల దారిలోనే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. మధ్యలో అమెరికా తిరిగి వెళ్లి, బాల్టిమోర్‌లో వైద్యం చదువుకుని మళ్లీ వచ్చారు. 1849లో గురజాలకు మకాం మార్చారు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది.

అప్పటి పల్నాడు ఎలా ఉండేదో ఊహించుకోండి. నాగార్జునసాగర్ కాలువలు లేవు. వాన పడితే జొన్న, పడకపోతే పస్తు. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసిన డొక్కల కరువు లక్షకు పైగా ప్రాణాలు తీసింది. ఆ కరువు నుంచి మిగిలిన తరం ఇంకా బతికే ఉంది. జ్వరాలకు పేరుపడ్డ ప్రాంతం ఇది. ఆ మిషన్ చెప్పిన మాట మొదట విన్నదీ, తమ పిల్లల్ని బడికి పంపిందీ ఎక్కువగా మాలపల్లెల, మాదిగపల్లెల జనమే. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల నాడి పట్టుకుని చూసే డాక్టరు రావడం వాళ్లకు చిన్న సంగతి కాదు.

అయితే ఆయన మగ డాక్టరు. కాన్పు కష్టమైన ఆడమనిషి ఆయన ముందుకు రాలేదు. మన ఊళ్లలో కాన్పులు చేసింది మంత్రసానులు. చాలా ఊళ్లలో ఆ పని చేసినవాళ్లు మంగలి, మాల, మాదిగ స్త్రీలే. బిడ్డ బొడ్డు కోయడానికి ఆ చేతులు పనికొచ్చాయి. పురుడు తీరి మైల స్నానం అయ్యాక అవే చేతులు మళ్లీ అంటరానివయ్యాయి. వాళ్ల అనుభవానికి చదువు తోడుకాలేదు, వాళ్ల నైపుణ్యానికి గౌరవం దక్కలేదు. బిడ్డ అడ్డం తిరిగితే తల్లి ప్రాణం పోయేది. హయ్యర్ గురజాల వచ్చిన ముప్పై నాలుగేళ్లకు గానీ గుంటూరుకు మిషన్ తరఫున ఆడ డాక్టరు రాలేదు.

వద్దన్నా వచ్చిన డాక్టరు

అన్నా సారా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఆర్డ్‌మోర్‌లో పుట్టారు. ఫిలడెల్ఫియాలో స్త్రీల కోసం ప్రత్యేకంగా పెట్టిన వైద్య కళాశాలలో చదివి 1879లో డాక్టరయ్యారు. అమెరికాలో కూడా ఆడవాళ్లను డాక్టర్లుగా ఒప్పుకోని రోజులవి. కొన్నేళ్ల తర్వాత, 1886లో, మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి పట్టా తీసుకుంది కూడా ఈ కళాశాలలోనే.

చదువు అయ్యాక ఆమె పనిచేసిన చోటు గురించి విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో ఆమె సహాయ వైద్యురాలిగా చేరారు. ఆ విభాగానికి అధిపతి డాక్టర్ ఆలిస్ బెన్నెట్ అనే స్త్రీ. మతిస్థిమితం తప్పిన వాళ్లను గొలుసులతో, పట్టీలతో కట్టేసే పద్ధతిని తొలగించడానికి పూనుకున్న వైద్యురాలు ఆమె. రోగిని అదుపులో పెట్టాల్సిన వస్తువుగా కాకుండా మనిషిగా చూడాలన్న పాఠం కుగ్లర్‌కు ఉద్యోగం మొదట్లోనే ఎదురైంది.

గుంటూరులో పనిచేస్తున్న రెవరెండ్ ఆడమ్ రో రాసిన ఉత్తరం 1882లో ఆమెకు అందింది. పరదా చాటున ఉండే స్త్రీలను చూడటానికి ఆడ డాక్టరు కావాలన్నది దాని సారాంశం. కుగ్లర్ తన లూథరన్ సంఘంలోని మహిళా మిషనరీ సొసైటీకి దరఖాస్తు పెట్టారు. వైద్యం పని మొదలుపెట్టడానికి సొసైటీ సిద్ధంగా లేదు. టీచరుగా అయితే పంపుతామన్నారు. ఆమె సరేనన్నారు. 1883 ఆగస్టులో ఓడెక్కారు, నవంబరు 29న గుంటూరులో దిగారు. చేతిలో ఉన్నది టీచరు నియామకం. పెట్టెలో ఉన్నవి మందులు, వైద్య పరికరాలు.

అంటరాని డాక్టరమ్మ

గుంటూరులో ఆమెకు అప్పగించిన పని బడి నడపడం, ఇళ్లలోపల ఉండే స్త్రీలకు చదువు చెప్పడం. కానీ డాక్టరు వచ్చిందన్న సంగతి ఎంతో కాలం దాగలేదు. మొదటి ఏడాదిలోనే ఇళ్లకు వెళ్లీ, తన నివాసానికి వచ్చినవాళ్లనూ కలిపి నాలుగు వందల మందికి పైగా ఆమె చూశారు. ఆ పని చేయమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. 1885 డిసెంబరులో గానీ సొసైటీ ఆమెను వైద్య మిషనరీగా గుర్తించలేదు. అంటే, అనుమతి కాగితం రాకముందే రెండేళ్లు రోగుల్ని చూసిన డాక్టరు ఆమె.

ఈ కాలంలోనే ఆమెకు మన దేశం ఒక పాఠం చెప్పింది. అగ్రకులాల ఇళ్లలో తెల్ల డాక్టరమ్మ కూడా మైల మనిషే. ప్రాణం నిలబెట్టడానికి పిలుస్తారు, కానీ ఆమె స్పర్శను అపవిత్రంగానే చూస్తారు. వేల మైళ్ల దూరం నుంచి వచ్చిన తెల్లజాతి స్త్రీని కూడా తన తూకంలో వేసి చూసిన వ్యవస్థ ఇది.

ఇక్కడ మనం ఒక తేడా మరిచిపోకూడదు. కుగ్లర్‌కు తగిలిన అంటరానితనం ఆ ఇంటి గడప దాటగానే అయిపోయేది. బయట ఆమె దొరసాని, పాలకుల జాతి మనిషి. పల్నాటి మాదిగ స్త్రీకి ఆ గడప దాటడమే లేదు, దాటి వెళ్లే మరో చోటూ లేదు. రెండూ ఒకటి కావు. అయినా, ఒక డాక్టరు తన చేయి ఎందుకు మైల అయ్యిందో ఆలోచించడం మొదలుపెడితే, ఆ చేయి ఎవరెవరిని తాకాలో కూడా అర్థమవుతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆమెను పిలిపించిన ఉత్తరం పరదా స్త్రీల గురించి. మన స్త్రీలకు పరదా ఎప్పుడూ లేదు. ఎండలో కలుపు తీసే మనిషికి, జొన్న కోసే మనిషికి పరదా ఎక్కడిది? వాళ్లకు అడ్డుపడ్డవి కులం, దూరం, డబ్బు. మాచర్ల నుంచి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైనే. ఎద్దుబండి మీద రోజుల తరబడి ప్రయాణం. బండి కట్టించుకునే స్తోమత ఎవరికి ఉంది? ఉత్తరంలో లేని ఈ స్త్రీలు కూడా తర్వాత ఆ వైద్యం దగ్గరికి చేరడం ఈ కథలో అసలు మలుపు.

యాభై మంచాలు

1886లో గుంటూరులో డిస్పెన్సరీ మొదలైంది. రోగులు పెరిగారు, గదులు చాలలేదు. శస్త్రచికిత్స చేశాక రోగిని పడుకోబెట్టే చోటు లేకపోతే డాక్టరు నైపుణ్యం ఎందుకూ కొరగాదు. 1889లో సెలవు మీద అమెరికా వెళ్లిన కుగ్లర్ అక్కడ ఆసుపత్రి కోసం చందాలు కూడబెట్టే పనిలో పడ్డారు. ఆ చందాల్లో ఎక్కువ భాగం చర్చి మహిళా సంఘాల చిన్న చిన్న మొత్తాలే. తిరిగి వచ్చాక గుంటూరులో 18 ఎకరాల స్థలంలో నిర్మాణం మొదలైంది. 1893లో డిస్పెన్సరీ భవనం, 1897 జూన్‌లో యాభై మంచాల ఆసుపత్రి తెరుచుకున్నాయి. స్త్రీలకు, పిల్లలకు అది గొప్ప ఆసరా అయ్యింది.

1897 అనగానే మనకు మరొకరు గుర్తుకు రావాలి. ఆ ఏడాది మార్చి 10న పుణెలో సావిత్రిబాయి ఫూలే ప్లేగుతో చనిపోయారు. కొడుకు యశ్వంత్‌తో కలిసి ప్లేగు రోగుల కోసం చికిత్సాలయం నడుపుతూ, జబ్బుపడ్డ ఒక మహర్ పిల్లవాణ్ణి తన వీపు మీద మోసుకొచ్చారు. ఆ జబ్బు ఆమెకూ అంటుకుంది. ఆమె పోయిన మూడు నెలలకు గుంటూరులో ఈ ఆసుపత్రి తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలుసునో లేదో మనకు ముఖ్యం కాదు. ఇద్దరూ చేసిన పని ఒక్కటే: ఎవరూ ముట్టుకోని రోగిని ముట్టుకోవడం.

వెంట వచ్చినవాళ్లు

మన దగ్గర రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాదు. తల్లి వస్తుంది, అత్త వస్తుంది, చంకలో మరో పిల్ల ఉంటుంది. బియ్యం, కుండ, కట్టెలు వెంట ఉంటాయి. అమెరికా ఆసుపత్రి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడ పెడితే వీళ్లందరూ అడ్డే. బయటికి పొమ్మని చెప్పడం ఏ ఆసుపత్రికైనా తేలిక. కానీ వాళ్లను వెళ్లగొడితే రోగి కూడా వాళ్లతోనే లేచి వెళ్లిపోతుంది. కుట్లు మానకముందే ఇంటికి వెళ్లిన బాలింత బతుకుతుందన్న భరోసా లేదు.

గుంటూరు ఆసుపత్రి ఎదుట రోగుల కుటుంబాల కోసం ఒక సత్రం వెలిసింది. దాన్ని కట్టించి ఇచ్చింది ఏలూరు జమీందారు. తన కుటుంబానికి అందిన వైద్యానికి కృతజ్ఞతగా ఆయన ఇచ్చిన కానుక అది. డబ్బు జమీందారుది కావచ్చు. రోగి బంధువులకు చోటు కావాలన్న అవసరాన్ని ఆసుపత్రి పనిలో భాగంగా చూడటం మాత్రం కుగ్లర్ దృష్టి. తర్వాత పిల్లల వార్డు, కాన్పుల వార్డు, ఆపరేషన్ల విభాగం ఒక్కొక్కటిగా చేరాయి.

ఇవన్నీ చిన్న పనులే అనిపించవచ్చు. తలదాచుకునే కప్పు. పొయ్యి పెట్టుకునే జాగా. పిల్లను పక్కన పడుకోబెట్టుకునే వీలు. దూరం నుంచి వచ్చిన పేద స్త్రీకి మాత్రం మందు తీసుకోవాలా వద్దా అని తేల్చేవి ఈ చిన్న పనులే. ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా చీదరించుకుంటే ఆ మనిషి మళ్లీ రాదు. తన పక్క పల్లె వాళ్లకూ వెళ్లొద్దని చెబుతుంది. ఒక్క మంచి మాట కూడా అలాగే పది పల్లెలు తిరుగుతుంది.

పేరు లేని చేతులు

ఒక్క డాక్టరు యాభై మంచాలు చూడలేరు. 1895లో డాక్టర్ మేరీ బేయర్ వచ్చి చేరారు. అమెరికా నుంచి నర్సులు వచ్చారు. కానీ రాత్రంతా మేలుకుని రోగి నుదుటి మీద తడిగుడ్డ వేసింది, పక్క మార్చింది, భాష తెలియని డాక్టరుకు రోగి బాధను విప్పి చెప్పింది మన స్త్రీలు. ఆసుపత్రిలో తర్ఫీదు పొందిన నర్సులు, కాంపౌండర్లు, ఆయాలు, ఊళ్లు తిరిగిన బైబిల్ స్త్రీలు. గుంటూరు ప్రాంతంలో లూథరన్ క్రైస్తవుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వాళ్లే కాబట్టి, ఈ పనుల్లోకి వచ్చిన స్త్రీలు ఏ పల్లెల బిడ్డలో వేరే చెప్పనక్కర్లేదు.

దీని అర్థం ఏమిటో ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మంత్రసానిగా పురిటి గది వరకే రానిచ్చిన ఆ స్త్రీల మనవరాలు ఇప్పుడు తెల్ల చీర కట్టుకుని, చదువుకున్న నర్సుగా, అందరి ముందూ అగ్రకుల స్త్రీకి మందు తాగిస్తోంది. జ్వరంలో ఉన్న మనిషి ఆ చేతి నీళ్లు తాగాలి. బతకాలంటే మరో దారి లేదు. కరపత్రం లేదు, ఊరేగింపు లేదు. గ్లాసు నీళ్లు అందించే చేతిలో కులం నియమం ఒకటి విరిగింది. ఆ పని చేసింది కుగ్లర్ కాదు. ఆమె తలుపు తెరిచారు. లోపలికి నడిచి ఆ పని చేసినవాళ్లు మన స్త్రీలు. ఆసుపత్రికి కుగ్లర్ పేరు నిలిచింది. వాళ్ల పేర్లు మాత్రం వాళ్ల ఇళ్లలోనైనా మిగిలాయో లేదో.

దయ ఒక్కటే చాలదు

మేము ఈ కథను పూజ కోసం చెప్పడం లేదు. మిషన్ ఆసుపత్రుల లక్ష్యంలో మత ప్రచారం ఉంది, దాన్ని వాళ్లు ఎప్పుడూ దాచలేదు. మతం మారినా కులం పోలేదు. చర్చి బెంచీల మీద, శ్మశానాల్లో, పెళ్లి సంబంధాల్లో అది వెంట వచ్చింది. దొరసాని దయ అన్న మాటలోనే ఒక ఎత్తు, ఒక పల్లం ఉన్నాయి. ఇచ్చేవాళ్లు పైన, తీసుకునేవాళ్లు కింద.

బ్రిటిష్ ప్రభుత్వం 1905లో ఆమెకు కైజర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మరోసారి గౌరవించింది. అయిదేళ్లు తిరక్కముందే, 1922 ఫిబ్రవరిలో, అదే ప్రభుత్వం పుల్లరి కట్టమన్నందుకు ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతును పల్నాడులో కాల్చి చంపింది. ఒక చేత్తో పతకం, మరో చేత్తో తుపాకి. పశువుల మేతకు పన్ను వేసి పేదవాణ్ణి పస్తులు పెట్టిన రాజ్యం, ఆ పస్తులతో జబ్బుపడ్డవాళ్లకు వైద్యం చేసిన డాక్టరును మెచ్చుకుంది. పేదరికాన్ని కదిలించకుండా పేదలకు దయ చూపడం రాజ్యానికి ఎప్పుడూ ఇష్టమే.

ఆ నర్సుల మునిమనవల సంగతి కూడా చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు షెడ్యూల్డ్ కులాల జాబితాలో లేరు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సీ. ఊళ్లో వాళ్లు ఉండేది అదే పల్లె, పడే అవమానం అదే. వాళ్ల అవ్వలు రోగులకు చేసిన సేవ పుస్తకాల్లో చేరలేదు, వాళ్ల కులబాధ చట్టంలో చేరలేదు.

అయినా కుగ్లర్ చేసిన పని చిన్నబోదు. పతకాల వల్ల దాని విలువ పెరగలేదు, మన విమర్శ వల్ల తరగదు కూడా. టీచరుగా వెళ్లమన్నా డాక్టరుగా నిలబడటం, తనను మైల అన్న ఇంటికి కూడా మళ్లీ వెళ్లడం, మన అమ్మాయిల చేతికి వైద్యం పని అప్పగించడం, రోగి వెంట వచ్చిన ముసలమ్మకు ఒక కప్పు చూపించడం. వీటిలో ఏదీ ఏ చట్టమూ ఆమెను చేయమనలేదు. చట్టాలున్న ఈ కాలంలో వీటిలో ఎన్ని జరుగుతున్నాయో మనం అడగాలి.

చివరి ఏళ్లు

1928లో ఆమె గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాశారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1930 జూలై 26న, డెబ్బై నాలుగేళ్ల వయసులో, తాను కట్టించిన ఆసుపత్రి ఉన్న ఊళ్లోనే పోయారు. మొదటిసారి గుంటూరులో దిగిన నాటి నుంచి లెక్కపెడితే నలభై ఆరేళ్ల ఎనిమిది నెలలు. పుట్టిన దేశంలో గడిపిన కాలం కంటే ఇక్కడ గడిపిందే ఎక్కువ. ఆ తర్వాత ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

2022 ఏప్రిల్‌లో పల్నాడు వేరే జిల్లా అయ్యింది. నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. బోర్డులు మారాయి. గుండె జబ్బో, కాన్పు కష్టమో వస్తే మన వాళ్లు ఇంకా గుంటూరు దారే పడుతున్నారు. చేతిలో అదే సంచి, అదే చాప.

అందుకే పల్నాడులో పనిచేసే మిత్రులను, విద్యార్థులను మేము రెండు పనులు కోరుతున్నాం. ఒకటి, మీ పల్లెల్లో మిషన్ ఆసుపత్రుల్లో నర్సులుగా, ఆయాలుగా, కాంపౌండర్లుగా పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్ల దగ్గర కూర్చుని పేర్లు, ఊర్లు, ఏళ్లు రాసిపెట్టండి. ఈ చరిత్రలో మనకు లేనిది ఆ జాబితానే. రెండు, ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో రోగి వెంట వచ్చినవాళ్లకు పడుకునే చోటు, మరుగుదొడ్డి, మంచినీళ్లు, వంట చేసుకునే జాగా కావాలని అర్జీ పెట్టండి. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశాల్లో అడగండి. దాన్ని దయగా అడగొద్దు. నూరేళ్ల కిందట ఒక జమీందారు కృతజ్ఞతగా ఇచ్చినదాన్ని, ఈరోజు మనం పన్నులు కట్టే పౌరులుగా హక్కుగా అడుగుతున్నాం.